మీకు ఏమవుతారు?

“పేషెంటు మీకేమవుతారండీ?”

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మూడో అంతస్తు. ఐసీయూ తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న కుర్రాడు అడిగాడు. ఒళ్లో రిజిస్టరు, చెవి మీద పెన్ను.

“స్నేహితుడు బాబూ.”

“అది సరేనండీ. ఏమవుతారు?”

మళ్లీ అదే చెప్పాను. పాపం, విసుక్కోలేదు. రిజిస్టరు నా వైపు తిప్పి చూపించాడు. పేషెంటు పేరు, వచ్చినవారి పేరు, సంబంధం, సంతకం. సంబంధం గడిలో పైనుంచి కిందదాకా కొడుకు, కూతురు, అల్లుడు, బావమరిది, కొడుకు, కొడుకు. “బ్లడ్ రిలేషన్ అయితేనే పంపమన్నారండీ. లేకపోతే నన్ను తిడతారు” అన్నాడు. అల్లుడిదీ బావమరిదిదీ ఏం బ్లడ్డని అడగబోయి ఊరుకున్నాను. ఆ కుర్రాడితో నాకేం తగువు?

హైదరాబాదు నుంచి రాత్రంతా గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నిద్ర లేకుండా వచ్చినవాణ్ణి, అక్కడే స్టీలు కుర్చీలో కూలబడ్డాను. వాడి అల్లుడు సంతకం పెట్టి లోపలికెళ్లి వచ్చాడు. పెళ్లయి ఏడాది కాలేదు, మామగారితో గట్టిగా పదిసార్లు మాట్లాడి ఉంటాడేమో. “గుర్తు పడుతున్నట్టు లేదండీ” అన్నాడు బయటికొచ్చి. నేను వెళ్లుంటే గుర్తుపట్టేవాడని అప్పుడనుకున్నాను. ఇప్పుడూ ఓ మూల అనుకుంటూనే ఉన్నాను. వెంటిలేటర్ మీదున్న మనిషి గురించి అలా అనుకోవడం ఉత్త అహంకారమని తెలుసు. మర్నాడు తెల్లవారుజామున పోయాడు.

ఆ పదిహేను రోజుల్లో ఆ ప్రశ్న నాకు ఇంకో రెండు చోట్ల ఎదురైంది. కైలాసభూమి శ్మశానం దగ్గర డబ్బు కట్టి రసీదు తీసుకోబోతే అడిగారు. సెలవు పెట్టుకుందామని ఆఫీసు పోర్టల్ తెరిస్తే అక్కడా ఒక గడి. తండ్రి, తల్లి, భార్య, పిల్లలు, అత్తమామలు అన్నీ ఉన్నాయి, చిట్టచివర “ఇతరులు”. యాభై మూడేళ్ల స్నేహం ఇతరుల్లోకి వెళ్లింది. హైదరాబాదు తిరిగొచ్చాక లిఫ్టులో ఎదురింటాయన, “ఎవరో పోయారట, ఎవరండీ?” అని పలకరించాడు. స్నేహితుడని చెప్పాను. “ఓ, అలాగా. మీవాళ్లేమో అనుకున్నాను” అన్నాడు. ఆయన మొహంలో నిజంగానే ఊరట కనిపించింది. నాకు కలగాల్సిన కష్టమేదో తప్పిందని సంతోషించాడన్నమాట. మంచాయన.

అప్పట్నుంచీ ఒక మాట నన్ను తొలుస్తోంది. మనకి చావు చుట్టూ ఇన్ని పద్ధతులున్నాయి గానీ, స్నేహితుడు పోతే చెయ్యాల్సిందంటూ జనం పాటించే పద్ధతి ఒక్కటీ నాకు కనబడదు. ఉండాలని నా వాదన. ఏదో పెద్ద తంతు అక్కర్లేదు. ఒక గడి, ఒక పూట, ఏదో ఒకటి. ఆ వాదన ఎంతవరకూ నిలబడుతుందో చూద్దామనే ఇది రాస్తున్నాను.

మాది పంచాంగం చూసి గోళ్లు తీసుకునే ఇల్లు. మైల లెక్కలు చిన్నప్పుడే తెలుసు. జ్ఞాతులకి పది రోజులు. ఆచార్యుడు పోతే మూడు రాత్రులు. మేనమామకి పక్షిణి, అంటే రెండు పగళ్లూ నడుమ రాత్రీ. శిష్యుడు పోయినా పక్షిణి ఉందని మనుస్మృతిలోనే ఉంది. మొహం కూడా చూడని దాయాది ఎక్కడో పోతే, ఆ కబురు అందగానే మా నాన్న కట్టుబట్టలతో నూతి దగ్గరికి పరుగెత్తడం నేను చూశాను. స్నేహితుడి కోసం ఎవరైనా అలా స్నానం చెయ్యడం మాత్రం మా ఇంట్లో చూడలేదు.

మా ఆవిడ ఈ వాదన విని ఒప్పుకోలేదు. “పద్ధతులన్నీ బాధ్యత ఉన్నవాళ్లకండీ. ఇంటి లోను కట్టేది వాడి కొడుకు. ఏటేటా తద్దినం పెట్టేదీ వాడే. మీరేం చేస్తారు? నాలుగో రోజు రైలెక్కి వచ్చేశారు” అంది. నిజమే, వచ్చేశాను. ఐదో రోజు పొద్దున్న ఆవకాయ అన్నం తిని ఆఫీసుకి కూడా వెళ్లాను. ఆవిడ మాటకి నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు.

వరస కుదరదు

వాడి పేరు రాయడం లేదు. బతికుండగా వాడి పేరు పేపర్లో ఒక్కసారే పడింది, అదీ అచ్చుతప్పుతో. మళ్లీ ఎందుకు? నేను వాణ్ణి “లస్కరూ” అనేవాణ్ణి, వాడు నన్ను “పంతులూ” అనేవాడు. 1972లో ధవళేశ్వరంలో రెండో తరగతి బల్ల మీద మొదలైన పిలుపులు. వాళ్ల నాన్న గోదావరి ఆనకట్ట హెడ్‌వర్క్స్‌లో లస్కరు, అంటే నీళ్ల తలుపులు చూసుకునే చిన్న ఉద్యోగి, మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. అంతే, తండ్రుల ఉద్యోగాలు కొడుకులకి పేర్లయిపోయాయి. ఈ వయసులో నన్ను “ఒరేయ్” అనేవాళ్లు అప్పటికే ఒక్కడే మిగిలాడు. ఇప్పుడు అందరూ “మీరు” అనేవాళ్లే.

తెలుగువాళ్లం పరాయివాణ్ణి ఊరికే ఉండనివ్వం, ఏదో ఒక వరస తగిలిస్తాం. బస్సులో కండక్టరు కూడా పెద్దమ్మా అంటాడు. అలాగే నాకూ తగిలించారు. వాడి పిల్లలు నన్ను బాబాయ్ అంటారు. వాడి భార్యని నేను చెల్లెమ్మా అంటాను, ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది. ఇదంతా ఎంత సహజంగా జరిగిపోయిందంటే ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా లెక్క సరిచూసుకోలేదు. ఐసీయూ ముందు కూర్చుని చూస్తే తేలింది. పిల్లలకి బాబాయినైతే ఆవిడకి మరిదినవ్వాలి. ఆవిడకి అన్నయ్యనైతే వాళ్లకి మావయ్యనవ్వాలి, వాడికి బావమరిదినవ్వాలి. ఒకే గడపలో రెండూ ఎలా కుదురుతాయి? అది లెక్కలోకి రాని చుట్టరికం. ఏ కొసా దేనికీ ముడిపడదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ అడ్డం రాలేదు.

ఇంకో సంగతీ అప్పుడే తట్టింది. ఆవిడ అన్నయ్య అంటోంది కాబట్టి రిజిస్టర్లో బావమరిది అని రాసేస్తే కుర్రాడు పంపేవాడే. పైన ఒక బావమరిది అప్పటికే సంతకం పెట్టి ఉన్నాడు. పెన్ను దాకా చెయ్యి వెళ్లింది కూడా. రాయలేకపోయాను. నిజాయితీ అనుకోకండి. అన్నేళ్ల తరవాత వాడికి బావమరిదిగా లోపలికి వెళ్లడమంటే, ఏదో తక్కువైపోయినట్టు అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే తెలివితక్కువ పని చేశాననిపిస్తుంది. వెళ్లి చూడాల్సింది.

గ్లాసు

ఇక్కడిదాకా రాసి మూడు వారాలు వదిలేశాను. ఇందులో నేను బాధితుడి వేషం వేస్తున్నానని చదువుతుంటే నాకే తెలుస్తోంది.

మా ఇంటి వీధి అరుగు మీద, తలుపు పక్కన ఒక గూడు ఉండేది. దాంట్లో దీపం పెట్టేవాళ్లు కాదు. ఒక గాజు గ్లాసు ఉండేది, బోర్లించి. అది వాడిది. ఎండన పడి వచ్చి “బామ్మగారూ, దాహం” అంటే మా బామ్మ పైనుంచి చెంబుతో పోసేది, వాడు గ్లాసు పట్టేవాడు. తాగి, నూతి దగ్గర కడిగి, మళ్లీ బోర్లించేవాడు. వాళ్లింట్లో నాకు వేరే గ్లాసు లేదు. వాళ్లమ్మ వాడికి పెట్టిన కంచంలోనే నాకూ చేపల పులుసు వడ్డించేది, “మీ ఇంట్లో చెప్పకయ్యా” అని ఒట్టు వేయించుకుని. కులాల పేర్లు రాయక్కర్లేదనుకుంటాను.

ఆ గ్లాసు గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక్కసారే, మా ఇల్లు అమ్మేసినప్పుడు సామాన్లు సర్దడానికి వచ్చి, గూట్లోకి తొంగి చూసి, “ఏరా పంతులూ, నా ఆస్తి ఏదిరా?” అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను?

అసలు చెప్పాల్సింది 1994 సంగతి. మా నాన్న పోయారు. పదో తరగతిలో లెక్కలు తప్పిన వీడికి ఆయన మూడు నెలలు అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పారు, పైసా తీసుకోకుండా. అరుగు మీదే, లోపల కాదు. అది కూడా రాయాలి. సెప్టెంబరులో ప్యాసయ్యాడు, ఆ కాగితంతోనే తరవాత డిపార్టుమెంటులో వర్క్ ఇన్‌స్పెక్టరు దాకా వెళ్లాడు. నాన్న పోయిన రోజు పాడె ఎత్తే వేళకి వాడు తువ్వాలు నడుముకి బిగించి ముందుకొచ్చాడు. మా పెదనాన్న కొడుకు చెయ్యి అడ్డం పెట్టి, “మనవాళ్లున్నారు బాబూ” అన్నాడు. మెత్తగానే అన్నాడు. నేను నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడి ఉన్నాను. ఆ మాట వినబడింది. వెనక్కి తిరగలేదు.

కర్త మాట్లాడకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలాంటి నియమం ఏదీ లేదు. వాడు గోదావరి ఒడ్డుదాకా సైకిలు తోసుకుంటూ వెనకే వచ్చాడు. పదకొండో రోజు విస్తళ్లు కూడా వాడే తెచ్చాడు.

వాడు పోయిన రోజు వాళ్లింటి ముందు నేను చెప్పులు విప్పి ఓ పక్కగా నిలబడ్డాను. వాడి కొడుకు చూశాడు. “ఇటు పట్టు బాబాయ్, ఈ పక్క” అన్నాడు. అంతే. వాడి తమ్ముడు ఒక కొమ్ము వదిలి తప్పుకున్నాడు. అక్కడ ఇరవై మంది చుట్టాలున్నారు. నేను ఏమవుతానని ఒక్కరూ అడగలేదు.

కాబట్టి రిజిస్టరు పట్టుకున్న కుర్రాణ్ణి నేను ఏ మొహంతో తప్పు పట్టాలి? వాడిది ఉద్యోగం. నా దగ్గర రిజిస్టరు కూడా లేదు. మా నాన్న పాడె నా మాట మీద లేవాల్సింది, అయినా మా లస్కరుని ఇతరుల్లో వేశాను. స్నేహితుడికి పద్ధతి లేదని మొదట రాశాను. ఆ లోపం నాలాంటివాళ్లది. ఎవరూ అడగనిచోట కూడా మేం కాపలా కాశాం.

బాకీ

వాడు ఆ 1994 మాట ఎప్పుడూ ఎత్తలేదు. అలాగని దేవుడేమీ కాదు. పెద్దకర్మకి మళ్లీ వెళితే, అక్కడ నలుగురు లేచి వాణ్ణి ఎంత పొగిడారంటే ఎవరి గురించి మాట్లాడుతున్నారో నాకు కాసేపు అర్థం కాలేదు. వాడు చీటీలు కట్టించి ఒకటి ముంచాడు. అందులో నా ఇరవై వేలు పోయాయి. మూడేళ్లు మాట్లాడుకోలేదు. తప్పు ఒప్పుకోవడం వాడికి చేతకాదు. మూడేళ్ల తరవాత ఓ రాత్రి ఫోన్ చేసి, “మామిడికాయలు పంపుతున్నా, గౌతమిలో అటెండరు చేతికిచ్చాను, పొద్దున్నే స్టేషనుకి వెళ్లు” అని పెట్టేశాడు. క్షమాపణ అదే. కాయలు సగం కుళ్లిపోయాయి.

ఆ పొగిడినవాళ్లలో ఒక కాంట్రాక్టరు తనని వాడి ప్రాణస్నేహితుడిగా చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్లు వాడు నాకు ఫోన్లో తిట్టిపోసిన మనిషి. నా వాదనకి ఇదొక పెద్ద చిల్లు. కొడుకెవరో చెప్పడానికి కాగితం ఉంటుంది, స్నేహితుడెవరో ఎవరు చెప్పాలి? రిజిస్టర్లో ఆ గడి పెడితే మొదట సంతకం పెట్టేది ఈ కాంట్రాక్టరే. ఆసుపత్రివాళ్లు బంధుత్వం అడగడానికి ఇది కూడా కారణం కావచ్చు. నాకు దీనికి విరుగుడు తోచడం లేదు. తోచకపోయినా గడి ఉండాలనే అంటున్నాను. కాంట్రాక్టరు కూడా వెళ్లి చూసొస్తే వచ్చే నష్టం ఏముంది?

“ఏమవుతారు” అన్న ప్రశ్నకి వాడు ఒకసారి జవాబు చెప్పాడు.

2015 పుష్కరాలు. మొదటి రోజే రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాట జరిగి జనం చనిపోయారు. అటువైపు వెళ్లడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ధవళేశ్వరంలోనే రామపాదాల రేవులో మునిగాం. వాడికి రేవు దగ్గర డ్యూటీ. నేను మెట్టు మీద కూర్చుని నాన్నకీ తాతకీ పిండాలు పెడుతుంటే, మెడలో ఐడీ కార్డు, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అయ్యవారూ, నాకూ ఒకటి చేయించండి.”

“ఎవరికి నాయనా? పేరు, గోత్రం చెప్పు.”

మా నాన్న పేరు చెప్పాడు. “భారద్వాజస గోత్రం” అన్నాడు, తడుముకోకుండా. నా ఒడుగైన కొత్తలో గోదావరి మెట్ల మీద నాతో కూర్చుని, నేను ప్రవర తడబడితే అందించింది వాడే. మరిచిపోలేదన్నమాట.

పురోహితుడు నన్ను చూశాడు, వాడి కార్డు చూశాడు. “ఆయన నీకు ఏమవుతారు?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే, “బాకీ అండి” అన్నాడు వాడు.

ఆయన నవ్వి, “బాకీ అయితే తీర్చాల్సిందే” అని దర్భలు చేతికిచ్చాడు. ఏం బాకీయో నేను అడగలేదు. మూడు నెలల లెక్కల పాఠమా, మొయ్యనివ్వని పాడెనా? నాకు రావాల్సిన ఇరవై వేలు గుర్తొచ్చి ఒక్క క్షణం నవ్వొచ్చింది. తరవాత ఇద్దరం ఒడ్డున టీ తాగాం, ఒకే రకం కాగితం గ్లాసుల్లో.

కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది గానీ, ఆ రేవుల్లో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. స్నానం చేస్తూ కాటన్ దొరని భగీరథుడిగా స్మరించే శ్లోకం మా వైపు ఉంది. 1803లో ఇంగ్లండులో పుట్టినవాడు, గోత్రం లేదు, వరస లేదు. 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు, డెల్టాకి నీళ్లొచ్చాయి, ఆయన పటం దేవుడి పటాల పక్కకి చేరింది. మేలు చేసినవాడికి చోటివ్వడానికి మా తాతలు శాస్త్రం అనుమతి అడగలేదు. అలాంటప్పుడు స్నేహితుడికి మాత్రం ఎందుకివ్వలేరు?

కాటన్ దొర గోదావరినిచ్చాడు, మీ లస్కరు ఏమిచ్చాడని మీరడగొచ్చు.

పదకొండు ముప్పావు

అంకెలు ఇచ్చాడు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 రెండోది, 17.75 మూడోది. మా చిన్నప్పుడు పాత ఆనకట్ట బదులు బ్యారేజీ కడుతుండేవాళ్లు. బడి ఎగ్గొట్టి ఆ క్రేన్లు చూడటమే మాకు సినిమా. 1986 ఆగస్టులో, భద్రాచలంలో 75.6 అడుగులు ఎక్కిన ఏడాది, వాడు ఎన్.ఎం.ఆర్.గా, అంటే రోజుకూలీ మీద, చేరి ఎన్నాళ్లో కాలేదు. ఆ రెండు రాత్రులూ గట్టు మీద పెట్రోమాక్సు లైట్లు, ఇసుక బస్తాలు. కింద లంకలన్నీ మునిగిపోయాయి. వాడు గంటకోసారి స్కేలు చూసొచ్చి, సందు దొరికితే సైకిలేసుకుని మా వీధిలోకొచ్చి, అరుగు ముందు బెల్లు కొట్టి, అంకె చెప్పి, దిగకుండానే వెళ్లిపోయేవాడు. “మాస్టారూ, మూడోది దాటేసింది” అన్నప్పుడు వాడి గొంతు నాకింకా గుర్తుంది. భయం లేదు. పెద్ద వార్త మోస్తున్న గర్వమేదో ఉంది.

నేను ఉద్యోగానికి ఊరు వదిలాక కూడా అది ఆగలేదు. మొదట్లో పక్కింటి ల్యాండ్‌లైన్‌కి, తరవాత మెసేజి, తరవాత వాట్సాప్. జులై, ఆగస్టుల్లో ఏ అర్ధరాత్రో ఒక్క ముక్క వచ్చేది. “11.75.” పలకరింపు లేదు, ఇంకో మాట లేదు. మాట్లాడుకోని ఆ మూడేళ్లూ కూడా, నమ్మండి, అంకె మాత్రం వచ్చింది. నేను జవాబివ్వలేదు. వాడూ ఎదురుచూసి ఉండడు.

హైదరాబాదులో అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉన్నవాడికి ఆ అంకెతో పనేముంది? ఏమీ లేదు. ఆ వరద నీళ్లు నా గుమ్మం తడపవు. కానీ అది చూశాక మళ్లీ నిద్రపట్టేది.

పోయిన నెల ఎగువన వానలు గట్టిగా పడ్డాయి. టీవీలో గోదావరి పరవళ్లు అని మొదలెట్టారు, అంకె తప్ప అన్నీ చెబుతున్నారు. రాత్రి పదకొండయింది. ఫోను రెండుసార్లు తీసి చూసి, చివరికి కంట్రోల్ రూము నంబరు వెతికి చేశాను. చాలాసేపు మోగాక ఎవరో కుర్రాడు ఎత్తాడు, వెనక ఫ్యాను చప్పుడు.

“ధవళేశ్వరం దగ్గర ఎంతుందండీ ఇప్పుడు?”

“పదకొండు తొంభై అండి. మొదటి హెచ్చరిక ఇచ్చేశాం. ఏ లంకండీ మీది?”

“లంక కాదు బాబూ. హైదరాబాదు.”

“హైదరాబాదా! చుట్టాలెవరైనా ఉన్నారాండీ ఇక్కడ?”

కాసేపు ఏం చెప్పాలో తోచలేదు. లేరన్నాను.

“ఆయ్, అక్కడికి రాదు లెండి, పడుకోండి” అని నవ్వి పెట్టేశాడు.